వాకీటాకీ సెట్లకు అసలైన ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ ఎక్కడ దొరుకుతుంది, మీకది నిజంగా కావాలా?

తర్వాత చదివేవాళ్ళ కోసం ముందు ప్రశ్నని కుదించి రాస్తున్నా. మీరు బెంగళూరులో సర్జాపూర్ రోడ్డు వైపు ఒక పెద్ద అపార్ట్‌మెంట్‌కి ఫెసిలిటీ మేనేజర్. సెక్యూరిటీకి, హౌస్‌కీపింగ్‌కి, లిఫ్టు వాళ్ళకి కలిపి ఓ పాతిక సెట్లున్నాయి. కొన్ని మోటరోలా జీపీ328, కొన్ని ఎక్స్‌ఐఆర్ పీ3688, రెండు మూడు కెన్‌వుడ్ ఎన్‌ఎక్స్ సెట్లు. అవన్నీ ఇచ్చిన డీలర్ షాపు ఎత్తేశాడు. ఇప్పుడు కొత్త టవర్‌కి ఇంకో ఛానెల్ కావాలి. యూట్యూబ్ చూసి సెట్‌ని కంప్యూటర్‌కి కలిపే కేబుల్ ఆన్‌లైన్లో కొన్నారు, సెట్‌లో ఛానెళ్ళు వేసే సాఫ్ట్‌వేర్ కోసం వెతికితే టెలిగ్రామ్ గ్రూపులే కనపడుతున్నాయి. లైసెన్స్ ఉన్న సాఫ్ట్‌వేర్ ఎవరమ్ముతారు, ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్పీ రోడ్డులో దొరుకుతుందా, లేకపోతే ఆ టెలిగ్రామ్ ఫైల్‌తో పని కానిచ్చేయొచ్చా అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఎస్పీ రోడ్డులో దొరకదు. ఎవరైనా సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో పెట్టి ఇస్తే అది లైసెన్స్ ఉన్నది కాదు. మోటరోలాది కావాలంటే కంపెనీ పోర్టల్లో మీ సంస్థ పేరున ఖాతా తెరవాలి, లేదా వాళ్ళ అధీకృత డీలర్ ద్వారా అడగాలి. కెన్‌వుడ్, ఐకామ్ లాంటివి డీలర్‌కి ఆర్డర్ ఇచ్చి బిల్లుతో కొనుక్కోవాలి. మీ దగ్గర మూడు రకాల సెట్లున్నాయి కాబట్టి మూడు వేర్వేరు సాఫ్ట్‌వేర్లు, మూడు వేర్వేరు కేబుళ్ళు కావాలి. అన్నిటికీ పనికొచ్చే ఒకే సాఫ్ట్‌వేర్ అంటూ ఏదీ లేదు.

నన్నడిగితే మీరు కొననే వద్దు. పాతిక సెట్లు, ఏడాదికి ఒకసారో రెండుసార్లో మారే ఛానెల్ జాబితా. దీనికి మంచి డీలర్ని పట్టుకుని ప్రోగ్రామింగ్ చేయించుకుని, ఆ సెట్టింగుల ఫైళ్ళు మాత్రం మీ దగ్గర పెట్టుకుంటే చాలు. సొంతంగా సాఫ్ట్‌వేర్ పెట్టుకోవడం ఎవరికి లాభమంటే వంద సెట్లు దాటి, వారం వారం ఏదో ఒకటి మారుతూ ఉండే హోటళ్ళకీ, ఫ్యాక్టరీలకీ, ఈవెంట్ కంపెనీలకీ. నా పని కూడా అలాంటి చోట్లే. పీణ్యలో ఫ్యాక్టరీలు, వైట్‌ఫీల్డ్‌లో హోటళ్ళు, అప్పుడప్పుడు చెన్నై వెళ్ళి అక్కడి గోదాముల్లో సెట్లు చూసి రావడం.

ఇప్పుడు అసలు సంగతి. మీరు సాఫ్ట్‌వేర్ గురించి అడిగారు గానీ, కొత్త ఛానెల్‌కి ఏ ఫ్రీక్వెన్సీ వేస్తారో చెప్పలేదు. నేనైతే ముందు అదే అడుగుతా. ఈ సాఫ్ట్‌వేర్‌లో మీరు ఏ అంకె కొడితే సెట్ దాని మీద మాట్లాడుతుంది. 403 నుంచి 470 మెగాహెర్ట్జ్ దాకా పోయే సెట్‌లో పోలీసులదైనా, పక్క ఆసుపత్రిదైనా, ఇంకెవరిదైనా వేసేయొచ్చు, సెట్ అడ్డు చెప్పదు. కంపెనీలు ఈ సాఫ్ట్‌వేర్‌ని అందరికీ బజార్లో పెట్టి అమ్మకపోవడానికి ఇదీ ఒక కారణం.

మన దేశంలో ఫ్రీక్వెన్సీ ఇచ్చేది కేంద్ర టెలికం శాఖ కింద ఉన్న డబ్ల్యూపీసీ (వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్) విభాగం. దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్లో పెట్టుకోవాలి. వాళ్ళు ఫలానా ఫ్రీక్వెన్సీ, ఇంత పవర్, ఇన్ని సెట్లు, ఫలానా చోట అని రాసి లైసెన్స్ ఇస్తారు, దానికి ఏటా రాయల్టీ కట్టాలి. 1933 వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం కాలం నుంచీ సెట్ దగ్గర ఉంచుకోవడానికే అనుమతి కావాలి, 2023లో వచ్చిన టెలికమ్యూనికేషన్స్ చట్టంలోనూ రేడియో పరికరం దగ్గర పెట్టుకోవాలంటే అనుమతి కావాలనే ఉంది. అంటే మీరు ఛానెల్ మార్చకపోయినా, సెట్లు అల్మారాలో ఊరికే పడున్నా కాగితం ఉండాల్సిందే.

మీ పాత డీలర్ ఆ కాగితం చేశాడా? అసోసియేషన్ ఆఫీసులో ఫైళ్ళు వెతికించండి. నేను చూసిన అపార్ట్‌మెంట్లలో చాలా చోట్ల ఏమీ ఉండదు. డీలర్ నోటిమాటగా "మా లైసెన్స్ మీద నడుస్తుంది సార్, మీకు టెన్షన్ వద్దు" అని చెప్పి పోయుంటాడు. అలా నడవదు. డీలర్‌కి ఉండే డీపీఎల్ అంటే సెట్లు అమ్మకానికి దగ్గర ఉంచుకునే లైసెన్స్. మీ గేటు దగ్గర వాచ్‌మన్ రోజంతా మాట్లాడుకోవడానికి అది పనికిరాదు. కాగితం లేదని తేలితే ముందు దాని పని చూడండి, ఛానెల్ తర్వాత. నిజాయితీ ఉన్న డీలర్ ఎవరైనా కొత్త ఫ్రీక్వెన్సీ వేసే ముందు లైసెన్స్ కాపీ అడుగుతాడు. అడగలేదంటే ఇంకో డీలర్ని చూసుకోవడం మేలు.

ఇక్కడ ఒకరు తప్పకుండా కామెంట్ పెడతారు, "446 మెగాహెర్ట్జ్ ఫ్రీయే కదా, అది వేసేయండి" అని. సగమే నిజం. 446.0 నుంచి 446.2 దాకా ఉన్న చిన్న ముక్కకి 2018 నిబంధనల ప్రకారం ఫ్రీక్వెన్సీ లైసెన్స్ అక్కర్లేదు. కానీ ఆ మినహాయింపు తక్కువ పవర్‌తో, ఆ బ్యాండ్ కోసమే తయారై, టైప్ అప్రూవల్ (ఆ మోడల్‌కి ప్రభుత్వ ఆమోదం) ఉన్న సెట్లకి. నాలుగు వాట్ల జీపీ328 తీసుకుని అందులో 446.00625 కొట్టినంత మాత్రాన అది లైసెన్స్ అక్కర్లేని సెట్ అయిపోదు. 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, అంటే సీసీపీఏ, ఆన్‌లైన్లో వాకీటాకీలు అమ్మే సైట్లకి నోటీసులిచ్చి, తర్వాత మార్గదర్శకాలు కూడా తెచ్చింది. ఫ్రీక్వెన్సీ ఏదో, లైసెన్స్ కావాలో వద్దో, అప్రూవల్ ఉందో లేదో చెప్పకుండా అమ్మేస్తున్నారనే. మీ అవసరం నిజంగా గేటు నుంచి క్లబ్‌హౌస్ దాకా మాత్రమే అయితే, అసలు ఆ లైసెన్స్ అక్కర్లేని సెట్లే కొత్తగా కొనుక్కోవడం ఈ తలనొప్పి కన్నా చవక కావచ్చు. రెండంతస్తుల బేస్‌మెంట్ ఉంటే మాత్రం వాటితో సరిపోదు, ఒకసారి తెచ్చి మీ చోట నడిపి చూసి కొనండి.

సరే, ఫ్రీక్వెన్సీ ఉంది, సాఫ్ట్‌వేరే కావాలి అనుకుందాం.

మోటరోలా. వీళ్ళ సాఫ్ట్‌వేర్‌ని సీపీఎస్ అంటారు. మీ జీపీ328ది ఒక సీపీఎస్, ఎక్స్‌ఐఆర్ పీ3688ది వేరే సీపీఎస్. ఎక్స్‌ఐఆర్ అనేవి మోటోట్రబో డిజిటల్ కుటుంబం. ఈ మోటోట్రబో సీపీఎస్ కంపెనీ పోర్టల్లో ఖాతా ఉన్నవాళ్ళకి డౌన్‌లోడ్‌గా వస్తుంది. ఖాతా తెరిచేటప్పుడు సంస్థ పేరు, చిరునామా, మీ సెట్ల వివరాలు అడగొచ్చు, సమాధానం రావడానికి కొన్ని రోజులు పట్టొచ్చు. రాకపోతే ఫోన్ చేసి అడగాలి, మెయిల్ పంపి కూర్చుంటే అక్కడే ఉంటుంది.

ఖాతా విషయంలో ఒక్క మాట. అసోసియేషన్ మెయిల్ ఐడీతో తెరవండి, మీ సొంత జీమెయిల్‌తో వద్దు. ఒక హోటల్లో ఖాతా అంతా ఇంజినీరింగ్‌లో పనిచేసే కుర్రాడి సొంత ఐడీతో ఉండేది. అతను దుబాయ్ వెళ్ళిపోయాక ఖాతా తెరవలేక, కొన్న ఫీచర్ లైసెన్సులు ఏ సెట్‌కి వేశారో తెలియక వాళ్ళు పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. మోటోట్రబోలో కొన్ని ఫీచర్లు విడిగా కొనుక్కోవాలి, వాటికి ఈఐడీ అని ఒక కోడ్ ఇస్తారు, దాన్ని ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్లో సీపీఎస్ ద్వారా ఫలానా సీరియల్ నంబర్ సెట్‌కి నమోదు చేయాలి. ఒకసారి ఒక సెట్‌కి అంటుకుంటే దానికే. అందుకని ఏ కోడ్ ఏ సెట్‌కి వేశామో ఎక్సెల్ షీట్లో రాసుకోవాలి.

జీపీ328 కథ వేరు. పాత అనలాగ్ సెట్, గట్టి సెట్, ఇప్పటికీ బెంగళూరులో వందల చోట్ల నడుస్తోంది. దాని సీపీఎస్ విండోస్ ఎక్స్‌పీ కాలం నాటిది. కొత్తగా మీ పేరున కొనడానికి ప్రయత్నించినా అది దొరకడం కష్టం. అప్పట్లో కొనుక్కున్న డీలర్ల దగ్గర ఉంటుంది, దాని కోసమే ఒక పాత ల్యాప్‌టాప్ అట్టిపెట్టుకుంటారు. కాబట్టి ఆ సెట్లకి మీరు సాఫ్ట్‌వేర్ వేట మానేసి, అలాంటి డీలర్ని వెతకడమే దారి. ఇంతకన్నా పాతవి, జీపీ300 లాంటివి, ఎవరి దగ్గరైనా ఉంటే వాటి జోలికి అసలు పోకండి. వాటిది డాస్ మీద నడిచే సాఫ్ట్‌వేర్, అసలైన సీరియల్ పోర్టు ఉన్న నిదానమైన పాత కంప్యూటర్ కావాలి. వేగమైన కంప్యూటర్లో నడిపితే టైమింగ్ తప్పి మధ్యలో ఆగిపోతుంది, సెట్ పనికిరాకుండా పోవచ్చు.

ప్రాంతం గొడవ కూడా ఉంది, చాలామందికి ఇది తెలియక డబ్బు పోగొట్టుకుంటారు. జీపీ328 మన ఆసియా మోడల్. దాదాపు అదే సెట్ అమెరికాలో హెచ్‌టీ750, యూరప్‌లో జీపీ340. మోడల్ నంబర్ మొదటి రెండక్షరాలు చూస్తే తెలుస్తుంది. ఆసియాది ఏజెడ్, అమెరికాది ఏఏ, యూరప్‌ది ఎండీ. మోటోట్రబోలోనూ అంతే, ఎక్స్‌ఐఆర్ అంటే ఆసియా, ఎక్స్‌పీఆర్ అంటే అమెరికా, డీపీ అంటే యూరప్. ఒక ప్రాంతం సీపీఎస్ ఇంకో ప్రాంతం సెట్‌ని చదవనని మొండికేస్తుంది. మీ పాత డీలర్ చవగ్గా వస్తున్నాయని బయటి దేశాల నుంచి సెకండ్ హ్యాండ్ సెట్లు కలిపేసుంటే, మీ పాతికలో ఒకటి రెండు ఇలాంటివి బయటపడే అవకాశం ఉంది.

ఇంకోటి, వెర్షన్. కొత్త సీపీఎస్‌తో పాత సెట్‌లోకి సెట్టింగులు రాస్తే (అంటే ఎక్కిస్తే) లోపలి ఫైల్ కొత్త వెర్షన్‌కి మారిపోతుంది. ఆ తర్వాత పాత సీపీఎస్ ఉన్నవాడు దాన్ని చదవలేడు. కాబట్టి ఇద్దరు ముగ్గురి చేత చేయించుకునేవాళ్ళు ఎవరు ఏ వెర్షన్ వాడుతున్నారో ముందే మాట్లాడుకోవాలి, లేకపోతే ఒకరు రాసింది ఇంకొకరు తెరవలేక మీ సెట్లు మధ్యలో నలుగుతాయి.

కెన్‌వుడ్. వీళ్ళ సాఫ్ట్‌వేర్ పేర్లన్నీ కేపీజీతో మొదలవుతాయి. ఎన్‌ఎక్స్-200, 300, 700, 800 సెట్లకి కేపీజీ-111డీ. మిగతా మోడళ్ళకి వేరే నంబర్లు. గందరగోళం ఏంటంటే కేబుళ్ళ పేర్లూ కేపీజీతోనే మొదలవుతాయి. రెండు పిన్నుల చిన్న సెట్లకి కేపీజీ-22, పక్కన వెడల్పాటి కనెక్టర్ ఉన్న పెద్ద సెట్లకి కేపీజీ-36, బండిలో పెట్టే మొబైల్ సెట్లకి కేపీజీ-46, వీటిలో యూఎస్‌బీవాటికి చివర యూ ఉంటుంది. షాపులో "కేపీజీ కావాలి" అంటే కేబుల్ చేతిలో పెడతారు. ఆర్డర్ ఇచ్చేటప్పుడు పార్ట్ నంబర్ పూర్తిగా రాయండి, కోట్‌లో సాఫ్ట్‌వేర్ అనే మాట ఉందో లేదో చూసుకోండి. మీ రెండు మూడు సెట్ల కోసం ఇది కొనడం దండగే.

ఐకామ్ మీ దగ్గర లేదు కాబట్టి త్వరగా వదిలేస్తా. సాఫ్ట్‌వేర్ సీఎస్‌తో మొదలవుతుంది, కేబుల్ ఓపీసీ-478 కుటుంబం, కొనే దారి అదే డీలరే. వెర్టెక్స్ సెట్లున్నవాళ్ళకి మాత్రం జాలి పడతా. ఆ బ్రాండ్‌ని మోటరోలా కొనేసి తర్వాత ఆపేసింది, సాఫ్ట్‌వేర్ పాత డీలర్ల దగ్గరే మిగిలింది.

"ఛిర్ప్ ఉందిగా, ఉచితం కదా" అనేవాళ్ళకి. ఛిర్ప్ మంచి సాఫ్ట్‌వేర్, ఓపెన్ సోర్స్, చట్టబద్ధం కూడా. కానీ అది ప్రధానంగా హ్యామ్‌ల (సరదా కోసం లైసెన్స్‌తో రేడియో నడిపేవాళ్ళ) కోసం, చైనా సెట్ల కోసం. వాణిజ్య సెట్లలో కొన్ని పాత కెన్‌వుడ్‌లు అందులో ఉన్నాయి గానీ మీ ఎక్స్‌ఐఆర్‌ని అది ముట్టుకోదు.

ఇప్పుడు కేబుల్. మీరు ఆన్‌లైన్లో కొన్నానన్నారు కదా, అది రెండు పిన్నుల కేబుల్ అయితే బహుశా చైనా సెట్లకి వచ్చేదే, కెన్‌వుడ్‌కి సరిపోవచ్చు, మీ మోటరోలాలకి కాదు. దాని లోపల యూఎస్‌బీని సెట్‌కి అర్థమయ్యేలా మార్చే చిప్ చాలాసార్లు ప్రొలిఫిక్ పీఎల్2303 నకలు. విండోస్‌లో పెట్టగానే డివైజ్ మేనేజర్‌లో పసుపు త్రికోణం, దాని పక్కనే "ఈ చిప్ 2012లోనే ఆపేశాం, మీకు అమ్మినవాణ్ణి అడగండి" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం పెద్దక్షరాల్లో కనపడితే సాఫ్ట్‌వేర్‌ని తిట్టకండి, కేబుల్ మార్చండి. ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్న కేబుల్ కాస్త ఖరీదు, కానీ పని చేస్తుంది. మోటోట్రబో సెట్లది ఇంకో తరహా. వాటిని కేబుల్‌తో కలిపితే కంప్యూటర్ వాటిని నెట్‌వర్క్ కార్డులా చూస్తుంది, సెట్‌కి 192.168.10.1 అనే చిరునామా ఉంటుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఐటీ వాళ్ళు పెట్టిన ఫైర్‌వాల్ దాన్ని ఆపేస్తుంది. మనం సెట్ పాడైందనుకుంటాం. ఒక హోటల్ బేస్‌మెంట్‌లో సెట్ మీద సెట్ మార్చి చూస్తూ కూర్చున్నారు, ఐటీ కుర్రాడు వచ్చి ఫైర్‌వాల్‌లో ఒక టిక్ తీసేయగానే, సెట్‌ని చదువుతున్నట్టు చూపే రీడ్ బార్ కదిలింది.

టెలిగ్రామ్ ఫైల్ సంగతి. వద్దు. కారణాలు మూడున్నాయి గానీ అన్నీ ఒకే బరువు కాదు.

చట్టం ముందు చెప్తా ఎందుకంటే అది చిన్నది. 1957 కాపీరైట్ చట్టం 63బీ సెక్షన్ ప్రకారం, దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్ ప్రోగ్రామ్ వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. మీ అపార్ట్‌మెంట్ ఆఫీసుకి ఎవరో వచ్చి తలుపు కొడతారని నేను భయపెట్టను. కానీ మీరు ఒక సంస్థ తరఫున చేస్తున్నారు, మీ పేరు మీద చేస్తున్నారు, రేపు కమిటీలో మీకు పడనివాడు ఒక్కడు చాలు.

అసలు ప్రమాదం కంప్యూటర్‌కి. ఆ గ్రూపుల్లో ఫైల్‌తో పాటు ఒక సూచన ఉంటుంది, "యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయండి" అని. క్రాక్ (లైసెన్స్ తాళం తీసేసిన కాపీ) కాబట్టి యాంటీవైరస్ ఊరికే అరుస్తోందని నమ్మిస్తారు. పీణ్యలో ఒక చిన్న ఫ్యాక్టరీ స్టోర్స్‌లో సరిగ్గా ఇలాగే చేశారు, అదే కంప్యూటర్లో లెక్కలు రాసే టాలీ ఉంది. ఫైళ్ళన్నీ లాక్ అయిపోయి, డబ్బులడుగుతూ తెర మీద నోటీసు వచ్చింది. వాళ్ళు నన్ను పిలిచింది సెట్లు పని చేయడం లేదని. వెళ్ళి చూస్తే అకౌంట్స్ అమ్మాయి ఏడుస్తూ కూర్చుంది. బ్యాకప్ పాతది ఉండబట్టి బతికారు.

మూడోది సెట్ పాడవడం. మీ మోడల్‌కి సరిపోని వెర్షన్, లేదా ఎవరో లోపల గెలికిన వెర్షన్‌తో రాస్తుండగా మధ్యలో ఆగితే సెట్ ఆన్ చేయగానే ఎర్రర్ కూత పెట్టి ఊరుకుంటుంది. ఒక్కోసారి తిరిగి వస్తుంది, ఒక్కోసారి రాదు.

"మా పాత డీలర్ స్నేహితుడే, వాడి సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌లో ఇస్తానన్నాడు" అని మీరు కింద ఒకరికి జవాబిచ్చారు. అతను డబ్బు పెట్టి కొన్నదైనా, లైసెన్స్ అతని సంస్థకి. మీకు కాపీ ఇచ్చే హక్కు ఆ లైసెన్స్‌లో ఉండదు. అతన్నే తన ల్యాప్‌టాప్ తెచ్చి మీ దగ్గర కూర్చుని చేయమనండి, అప్పుడు ఏ గొడవా లేదు. మీ పేరున లైసెన్స్ ఉందనడానికి రుజువు ఏంటంటే మీ సంస్థ పేరుతో పార్ట్ నంబర్ రాసిన జీఎస్టీ బిల్లు, లేదా పోర్టల్లో మీ ఖాతా కింద ఆ డౌన్‌లోడ్ కనపడటం. ఈ రెండూ లేకుండా "లైఫ్‌టైమ్ లైసెన్స్" అని వాట్సాప్‌లో వచ్చేదంతా మాటలే.

ఇక డీలర్‌తో చేయించుకునేటప్పుడు ఏం అడగాలి. నా దృష్టిలో సాఫ్ట్‌వేర్ కన్నా ఇదే ముఖ్యం, దీని మీద కాస్త ఎక్కువ రాస్తా.

మొదటిది ఫైల్. సెట్ లోపల ఉండే సెట్టింగులన్నీ కలిపి ఒక ఫైల్, మా వాళ్ళు కోడ్‌ప్లగ్ అంటారు. కొత్త ఛానెల్ వేసే ముందు ప్రతి సెట్‌నీ రీడ్ చేసి, ఉన్నది ఉన్నట్టు సేవ్ చేసి, సీరియల్ నంబర్ పేరుతో మీకు ఇవ్వమనండి. తర్వాత మార్చి రాసిన ఫైల్ కూడా ఇవ్వమనండి. దాన్ని మీరు తెరవలేరు, ఫరవాలేదు. రేపు ఈ డీలర్ కూడా షాపు ఎత్తేస్తే, ఇంకొకడికి ఆ ఫైల్ ఇస్తే వాడి పని సులువవుతుంది. ఈ షరతు పనికి ముందే, కోట్ మీదే రాయించండి. డబ్బిచ్చాక అడిగితే "రేపు మెయిల్ చేస్తా సార్" అంటారు, ఆ రేపు రాదు.

రెండోది పాస్‌వర్డ్. కొందరు డీలర్లు కస్టమర్ ఇంకో చోటికి పోకుండా కోడ్‌ప్లగ్‌కి పాస్‌వర్డ్ పెట్టేస్తారు. మీ పాత డీలర్ కూడా పెట్టాడేమో సెట్ రీడ్ చేస్తే గానీ తెలీదు. కేబుల్ పెట్టి రీడ్ నొక్కగానే బార్ కదలకుండా చిన్న పెట్టె వచ్చి పాస్‌వర్డ్ అడుగుతుంది, అంతే, పని అక్కడే ఆగింది. అప్పుడు మిగిలిన దారి కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్. బిల్లు, లైసెన్స్ కాగితం పట్టుకెళ్ళి సెట్లు మీవేనని చూపించాలి. పాస్‌వర్డ్ తీసేస్తామని చెప్పే ఆన్‌లైన్ మనుషుల జోలికి పోవద్దు. డీలర్ ఫోన్ ఇంకా పని చేస్తుంటే ఈ రోజే ఫోన్ చేసి ఆ పాస్‌వర్డ్ అడిగేయండి. షాపు ఎత్తేసిన కొత్తలో చెప్తారు, ఆరు నెలలైతే వాళ్ళకే గుర్తుండదు.

మూడోది క్లోనింగ్. త్వరగా అయిపోవాలని ఒక సెట్ ఫైల్‌నే అన్నిటికీ దింపేస్తారు. అనలాగ్ జీపీ328లకి చాలావరకు నడుస్తుంది. డిజిటల్ ఎక్స్‌ఐఆర్‌లకి ఇది చేయకూడదు, ఎందుకంటే ప్రతి సెట్‌కీ సొంతంగా ఒక రేడియో ఐడీ ఉండాలి. వైట్‌ఫీల్డ్‌లో ఒక హోటల్లో చీఫ్ ఇంజినీర్ సెట్ ఫైల్‌ని ఎక్స్‌ఐఆర్ పీ8668లన్నిటికీ దింపారు. తర్వాత ఎవరు మాట్లాడినా తెర మీద చీఫ్ ఇంజినీర్ పేరే. వంటగదిలోంచి కూరగాయల గురించి అడిగినా చీఫ్ ఇంజినీరే. నవ్వొస్తుంది గానీ, ఎవరో ఎమర్జెన్సీ బటన్ నొక్కితే ఆ మనిషి ఎక్కడున్నాడో ఎలా తెలుస్తుంది? మీ పీ3688కి తెర లేదు కాబట్టి ఈ తప్పు మీకు అంత త్వరగా బయటపడదు కూడా. ఐడీల పట్టిక రాయించి తీసుకోండి.

నాలుగోది, డీలర్ దగ్గర డీపీఎల్ ఉందో లేదో కాపీ అడగండి. మన దక్షిణాది లైసెన్సింగ్ పనులు చూసే డబ్ల్యూపీసీ ప్రాంతీయ కార్యాలయం చెన్నైలో ఉంది, ఇక్కడి డీలర్లకి అక్కడి కాగితాలు కొత్తేమీ కాదు. ఉన్నవాడు వెంటనే చూపిస్తాడు, లేనివాడు విషయం మారుస్తాడు.

డబ్బు గురించి. సాఫ్ట్‌వేర్ ధర మోడల్ని బట్టి, వెర్షన్ని బట్టి మారుతుంది, అందుకే నేనిక్కడ అంకె రాయను. ఇద్దరు డీలర్ల దగ్గర రాతపూర్వకంగా కోట్ తీసుకోండి. ఒకటి సెట్‌కి ఇంత అని ప్రోగ్రామింగ్ చార్జీ, ఇంకోటి సాఫ్ట్‌వేర్, కేబుల్ మీకే కొనిస్తే ఎంత అని. రెండూ పక్కపక్కన పెడితే కమిటీకి మీరు చెప్పాల్సిన పని ఉండదు. బేరం ఆడదలుచుకుంటే ప్రోగ్రామింగ్ చార్జీ మీద ఆడండి, అక్కడ తగ్గుతారు. సాఫ్ట్‌వేర్ ధర మీద బాగా తగ్గిస్తానన్నాడంటే అనుమానించండి.

ఒకవేళ మీరే కొని మీరే చేయాలనుకుంటే, ఆ ఒక్క పనికే ఒక ల్యాప్‌టాప్ పెట్టుకోండి, టాలీ ఉన్నది కాదు. మొదటి రోజు ఏమీ రాయకండి, రీడ్ చేసి సేవ్ చేయడం మాత్రమే. బ్యాటరీ నిండుగా ఛార్జ్ చేసి పెట్టండి, రాస్తుండగా సెట్ ఆగిపోతే అదో ఏడుపు. ఛానెల్ ఒకటి కలపడం, పేరు మార్చడం, టోన్ (వేరేవాళ్ళ మాటలు వినపడకుండా ఆపే సంకేతం) పెట్టడం వరకు మీరు నేర్చుకోగలరు. ట్యూనర్ అని ఇంకో సాఫ్ట్‌వేర్ ఉంటుంది, పవరు, ఫ్రీక్వెన్సీ తేడా సరిదిద్దడానికి, దానికి సర్వీస్ మానిటర్ అనే ఖరీదైన పరికరం కావాలి. అది లేకుండా అందులో ఒక్క అంకె కూడా ముట్టుకోవద్దు.

మీరు ఇప్పుడు చేయాల్సింది: ఒక్కో రకం సెట్ ఒకటి తీసుకుని, బ్యాటరీ ఊడదీసి, వెనక లేబుల్ మీది మోడల్ నంబర్ పూర్తిగా రాసి ఇక్కడ పెట్టండి. మొదటి రెండక్షరాల్ని బట్టి ఏ ప్రాంతానిదో, మధ్యలో అక్షరాన్ని బట్టి ఏ బ్యాండో చెప్పగలను. జీపీ328లో ఆ అక్షరం కే అయితే 136-174, ఆర్ అయితే 403-470. ఫోటో పెడితే సీరియల్ నంబర్ మీద ఏదైనా అడ్డు పెట్టి తీయండి, దాన్ని అందరికీ చూపించక్కర్లేదు. ఫ్రీక్వెన్సీలు కూడా ఇక్కడ రాయొద్దు, లైసెన్స్ ఉందా లేదా అన్నది మాత్రం చెప్పండి, లేకపోతే దరఖాస్తు ఎలా పెట్టాలో విడిగా రాస్తా.